దివాన్ అంటే మంచం కాదన్నాను

నేను ఇరవై ఎనిమిదేళ్ళు లండన్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లండ్ లండన్ కాదు, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్. ఈ తేడా చీరాలలో మా చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. రాజుగారి కోట మీ ఇంటికి ఎంత దూరం అని ఇప్పటికీ అడుగుతారు. దగ్గరే, నడిచిపోవచ్చు అని చెప్పడం అలవాటు చేసుకున్నాను.

నా పేరు మస్తాన్ వలి. నేను చెప్పిన సబ్జెక్టు వింటే జనం ముందు ఒకసారి కళ్ళు చిట్లిస్తారు. తొలి ఇస్లామిక్ సమాజంలో భాష, అధికారం. మా కాలేజీలో కంప్యూటర్లూ, బిజినెస్సూ చదివే డిప్లొమా పిల్లలు తమ సబ్జెక్టులతో పాటు బయటి సబ్జెక్టు ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలి. దాన్ని ఎలెక్టివ్ అంటారు. అలాంటి ఎలెక్టివ్‌లలో నాది ఒకటి. ఎవరూ ప్రేమతో తీసుకునేది కాదు. తమ పార్ట్‌టైమ్ ఉద్యోగపు షిఫ్టుకు అడ్డం రాని టైములో ఉంటే తీసుకునేవారు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు తెలుగువాళ్ళు ఆ మధ్య మా ఇంటికి వచ్చి, అనుభవాలు రాయండి సార్ అన్నారు. ప్రమోషన్లు, కమిటీలు, పార్కింగ్ పర్మిట్ల తగాదాలు రాయను. మీకే అనుభవమవుతాయి. నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. మొదటిది చేసేటప్పుడు అది తప్పని నాకు తెలియలేదు. రెండోది తెలిసే చేశాను. 

ఇంటర్వ్యూలో తల ఊపడం

మేము నూర్‌బాషాలం. మా వైపు దూదేకులవాళ్ళు అంటారు. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో నమాజు ఉండేది, ఉర్దూ ఉండేది కాదు. అమ్మ దేవుడితో మాట్లాడినా, గేదెతో మాట్లాడినా తెలుగే. పై చదువుకు హైదరాబాద్ వెళ్ళినప్పుడు, గది అద్దెకిచ్చిన పెద్దమనిషి నాతో ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడి, నేను నీళ్ళు నములుతుంటే, "ఉర్దూ రాని ముసల్మానువి నువ్వెక్కడి ముసల్మానువయ్యా!" అని నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. అద్దె కూడా తగ్గించాడు. కానీ ఆ నవ్వు నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఉర్దూతో పనేముంది, దాని పైనున్నదే పట్టుకుంటానని పంతం పట్టి అరబీ ఎమ్మేలో చేరాను. రాత్రింబగళ్ళు కష్టపడి నేర్చుకున్నాను. ఆ పంతమే నన్ను కెనడా దాకా తెచ్చింది.

ఈ కాలేజీలో ఇంటర్వ్యూ చేసిన హెడ్ మంచి మనిషి, కొంచెం తొందర మనిషి. నా సర్టిఫికెట్లు తిరగేసి, "అయితే ఈ భాషలోనే పెరిగారన్నమాట" అన్నాడు. అది ప్రశ్నో, మాటో నాకు అర్థం కాలేదు. తల ఊపాను. తెలుగువాడి తల ఊపుకు వంద అర్థాలు ఉంటాయి కదా. ఆయన ఒక్కటే తీసుకున్నాడు.

అంతే. నేను అబద్ధం చెప్పలేదు. ఆ తరువాత నిజమూ చెప్పలేదు. నా పేరులో మస్తాన్ మెల్లగా జారిపోయింది. డాక్టర్ వలి మిగిలాడు. ఇరాన్‌వాడని కొందరు, సిరియావాడని కొందరు అనుకున్నారు. ఎవరు అడిగినా నవ్వి ఊరుకునేవాణ్ణి. తెలుగు సంఘం పండుగలకు వెళ్ళలేదు. తెలుగు ఇంట్లో నాకూ నా భార్య కాశింబీకీ మధ్య మాత్రమే ఉండేది. కాలేజీ మెట్లెక్కితే అది కోటు జేబులోకి వెళ్ళిపోయేది.

పాఠం

ఇక నేను క్లాసులో చెప్పింది ఏమిటో కొంచెం చెప్పాలి. లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు.

అరబ్బులు ఎడారి దాటి సిరియానూ, ఇరాక్‌నూ, ఈజిప్టునూ గెలిచారు. రాజ్యం చేతికి వచ్చింది, కానీ రాజ్యాన్ని నడిపే దస్త్రాలు చేతికి రాలేదు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టాలి అన్నది సిరియాలో గ్రీకులో ఉంది, ఇరాక్‌లో పారశీకంలో ఉంది. రాసేవాళ్ళు పాత గుమాస్తాలే. క్రైస్తవులు, అగ్నిని పూజించేవాళ్ళు. కత్తి ఒకరిది, కలం ఇంకొకరిది. రెండు తరాల పాటు అలాగే నడిచింది. నాణేల మీద కూడా పాత రాజుల బొమ్మలే ఉండేవి.

తరువాత డమాస్కస్‌లోని ఖలీఫా ఒకాయన ఇక చాలన్నాడు. దస్త్రాలన్నీ అరబీలోకి మార్చమన్నాడు. నాణేల మీద బొమ్మలు చెరిపి అక్షరాలు కొట్టించాడు. దీనికి కారణం చెబుతూ ఒక కథ ప్రచారంలో ఉంది. గ్రీకు గుమాస్తా ఒకడు సిరాలో కలపడానికి నీళ్ళు దొరక్క సిరాబుడ్డిలో మూత్రం పోశాడట, ఖలీఫాకు ఒళ్ళు మండిందట. క్లాసులో ఈ కథ చెబితే నిద్రపోయేవాళ్ళు కూడా లేచేవారు. నేనైతే నమ్మను. అధికారం స్థిరపడ్డాక ఏ దర్బారైనా తన భాషలోనే లెక్క అడుగుతుంది. దానికి సిరాబుడ్డి అక్కర్లేదు.

నాకు ఇష్టమైనది ఆ తరువాతి భాగం. దస్త్రం మారగానే ఊరూరా అరబీ నేర్చుకోవడం మొదలైంది. మతం మార్చుకున్న పరాయివాడు ఎవరో ఒక అరబ్బు తెగ నీడలో చేరితే తప్ప లెక్కలోకి వచ్చేవాడు కాదు. అలాంటివాళ్ళే భాషను అరబ్బుల కంటే గట్టిగా పట్టుకున్నారు. అరబీకి మొట్టమొదటి పెద్ద వ్యాకరణం రాసినవాడు పారశీకుడు. బయటివాడికే కదా నియమాలు కావాల్సింది. లోపల పుట్టినవాడికి వాటితో పనేముంది? ఈ మాట ఏటా చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా నా గొంతులో కొంచెం గర్వం పలికేది. అది నా గురించే అని నాకు తప్ప ఎవరికీ తెలియదని అనుకునేవాణ్ణి.

పిల్లల వరద

మొదట్లో నా క్లాసులో పన్నెండు మంది ఉండేవారు. కోవిడ్‌కు ముందు కొన్నేళ్ళు, ఆ తరువాత ఇంకా ఎక్కువగా, ఇండియా నుంచి పిల్లలు విపరీతంగా వచ్చారు. ఒక సెప్టెంబరులో గది తలుపు తీసి నిర్ఘాంతపోయాను. కిటికీల అరుగుల మీద కూడా కూర్చున్నారు. పేర్ల జాబితా చూస్తే నల్లగొండ, కరీంనగర్, ఒంగోలు, భీమవరం అన్నీ ఒక్కచోట దిగినట్టు ఉన్నాయి. నేను తప్పు గదికి వచ్చానేమో అని బయటికి వెళ్ళి నంబరు చూసుకున్నాను కూడా.

పిల్లలు అలిసిపోయి వచ్చేవారు. ఒకడు కాఫీ షాపు యూనిఫాంలోనే వచ్చేవాడు. ఇద్దరు అమ్మాయిలు ఒకే శీతాకాలపు కోటును వంతులు వేసుకునేవారు. ఒక బేస్‌మెంట్‌లో ఎనిమిది మంది ఉంటున్నారని తెలిసింది. వాళ్ళని తెచ్చుకున్నవాళ్ళకు వాళ్ళ ఫీజులు కావాలి. వాళ్ళకు సరిపడా కుర్చీలు మాత్రం ఎవరూ వేయలేదు. ఈ మాట నేను అప్పుడు మీటింగుల్లో అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను.

నూరు పైచిలుకు వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టాక మనిషి మారిపోతాడు. కొత్తవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మొదటి పాతిక వ్యాసాలు చదువుతారు. తరువాతవి వాసన చూస్తారు. ఎవడు కాపీ కొట్టాడు, ఎవడు ఎవరిచేత రాయించాడు, ఇదే ధ్యాస. నేను టీచర్ని కావడం మానేసి పోలీసునయ్యాను, పైగా దానికి సంతోషించాను.

శ్రావణి వ్యాసం

అలాంటి సెమిస్టర్‌లో శ్రావణి వ్యాసం చేతికి వచ్చింది. జగిత్యాల అమ్మాయి. వెనక వరుసలో కూర్చునేది. ప్రశ్న అడిగితే రెండు ఇంగ్లీషు ముక్కలు చెప్పి తల దించుకునేది. వ్యాసం దస్త్రాల భాష మారడం మీద. ఇంగ్లీషు నున్నగా, ఎక్కడా గతుకు లేకుండా ఉంది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "దస్త్రాన్ని కొత్త భాషలోకి మార్చిన గుమాస్తాను పాతవాళ్ళూ నమ్మరు, కొత్తవాళ్ళూ నమ్మరు; కానీ ఇద్దరికీ అతనితోనే పని" అని దాని అర్థం.

ఇన్నేళ్ళలో ఏ పుస్తకంలోనూ నాకు తగలని మాట అది. నేనే రాయాల్సిన మాట. ఇంటర్నెట్ అంతా వెతికాను. ఎక్కడా దొరకలేదు. దొరకలేదు కాబట్టి డబ్బిచ్చి ఎవరో పండితుడి చేత రాయించిందని తేల్చేశాను. ఆ అమ్మాయి ఆలోచించి ఉంటుందన్న ఊహ నాకు ఒక్కసారి కూడా రాలేదు. చదివేవాళ్ళు నమ్మకపోవచ్చు, కానీ నిజంగా ఒక్కసారి కూడా రాలేదు.

కాపీ కేసులు విచారించే కాలేజీ కమిటీకి ఫిర్యాదు పంపాను. పంపిన తరువాత తెలిసింది, మొదటి సెమిస్టర్‌లో ఏదో గ్రూపు ల్యాబ్ విషయంలో ఆమెకు అప్పటికే ఒక వార్నింగ్ ఉందని. రెండోసారి రుజువైతే ఏడాది సస్పెన్షన్. చదువు ఆగితే స్టడీ పర్మిట్ నిలవదు. పర్మిట్ పోతే ఇంటికి పోవాల్సిందే.

విచారణ

చిన్న గది. అధ్యక్షురాలు కారొల్, నర్సింగ్ విభాగంలో సీనియర్. పక్కన బిజినెస్ విభాగం ఆయన ఒకరు. ఎదురుగా నేను. బల్ల చివర శ్రావణి, ముందు ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకుని కూర్చుంది.

కారొల్ మర్యాదగానే అడిగింది. "మీ వ్యాసంలో దివాన్ అనే మాట చాలాసార్లు వాడారు. అదేమిటో మీ మాటల్లో చెప్పండి."

శ్రావణి కొంచెంసేపు మాటలు వెతుక్కుంది.

"దివాన్ ఈజ్ కాట్, సార్. ఇన్ మై హౌస్ ఆల్సో... వన్ దివాన్ కాట్ ఈజ్ దేర్."

బిజినెస్ ఆయన పెదవి బిగించుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. కారొల్ కాగితం వైపు చూసింది. శ్రావణి నా వైపు చూసింది.

అప్పుడు నాకు తట్టలేదని చెప్పుకోవచ్చు. కానీ తట్టింది. దివాన్ అంటే మొదట దస్త్రం. తరువాత దస్త్రాలు ఉండే కచేరీ. తరువాత ఆ కచేరీలో గోడవారగా వేసే మెత్తటి ఆసనం. అలా అలా మన ఇళ్ళల్లో హాల్లో వేసుకునే దివాన్ కాట్. తెలుగులో దివాణం అన్నా ఆ మాట పిల్లే. ఆ అమ్మాయి ఇంట్లో ఉన్న చివరి మెట్టు నుంచి మొదలుపెట్టింది, ఒక్కో మెట్టే వెనక్కి వెళ్ళబోతోంది. నాకు తెలుసు. మా నాన్న దివాన్ కాట్‌లకు పరుపులు కుట్టినవాడు. కొలత తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.

కానీ ఆ ఉచ్చారణ, ఆ "సార్", ఆ "మై హౌస్ ఆల్సో" వింటుంటే నాకు చెవుల దాకా వేడెక్కింది. వాళ్ళ నవ్వు నా మీదికి కూడా వచ్చేస్తుందని భయం వేసింది. హైదరాబాద్‌లో గది అద్దెకిచ్చిన పెద్దమనిషి ముందు మళ్ళీ నిలబడ్డట్టు అనిపించింది. ఆమెను ఇంకో మాట చెప్పనివ్వలేదు.

"మనం ఇక్కడ ఫర్నిచర్ గురించి మాట్లాడటం లేదు" అన్నాను, ఇంగ్లీషులో, నా మంచి ఇంగ్లీషులో. "దివాన్ అంటే మంచం కాదు."

ఆ గదిలో సబ్జెక్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా మాటే తీర్పు.  శ్రావణి సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి, బల్ల మీద మెల్లగా వాళ్ళ వైపు జరిపి, లేచి నిలబడింది.

ఇంగ్లీషులో లేదు

వారం తరువాత ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. నేరం రుజువైంది, సస్పెన్షన్ ఏడాది, సాక్ష్యంగా ఇచ్చిన వస్తువును విద్యార్థికి తిరిగి ఇవ్వగలరు. లోపల ఆ నోటుబుక్కు ఉంది. అట్ట మీద చిన్న చీటీ అంటించారు: ఇంగ్లీషులో లేదు, పరిశీలించలేదు.

శనివారం పొద్దున, టీ తాగుతూ తెరిచాను.  మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెలుగు. కొట్టివేతలు, బాణాలు, పక్కన రాసుకున్న ప్రశ్నలు. నా క్లాసులో నేను చెప్పిన ప్రతి ముక్కా ఉంది. మధ్యలో ఇలా ఉంది:

"మా తాత తహసీల్ ఆఫీసుల గుమాస్త. నిజాం జమానాల కాగితాలన్ని ఉర్దూల ఉండేటివి. తాతకు ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. రాజ్యం మారినంక పాత దస్త్రం తెలుగుల ఎక్కియ్యాలె అన్నరు. ఆఫీసుల పెద్ద మున్షీకి తెలుగు రాసుడు రాదు. నిన్నటిదాంక ఆయన ముంగట నిలవడ్డ మా తాత ఆయన కుర్చీల కూసున్నడు. మున్షీ సాబ్ మళ్ళ జిందగీల తాతతోని మాట్లాడలే. కొత్తగ వచ్చిన ఆఫీసర్లు గూడ తాతను నమ్మలే. ఆ ఉర్దూల ఏమున్నదో, ఈయన ఏం రాస్తున్నడో ఎవరికెరుక అన్నరు. కని అందరికి తాతతోనే పని. ఇరాక్‌ల గూడ గిట్లనే అయ్యుంటది."

ఇంకో పేజీలో: "దివాన్ అంటే ముందుగాల దస్త్రం. తర్వాత దస్త్రం ఉండే ఆఫీసు. తర్వాత ఆఫీసుల గోడపొంటి కూసునే గద్దె. ఆఖరికి మా హాల్ల ఉన్న దివాన్ కాట్. ఇక్కడ నాకు నేల మీద పరుపే దివాన్."

ఒక హిందువుల ఇంటి తాత ఉర్దూలో దస్త్రాలు రాశాడు. మా అమ్మ ముసల్మాను ఇంట్లో పుట్టి ఉర్దూలో మంచినీళ్ళు కూడా అడగలేదు. భాష మతాన్ని బట్టి రాదు, అధికారాన్ని బట్టి వస్తుందని నేను పాతికేళ్ళు బల్ల గుద్ది చెప్పిన పాఠం ఇదే కదా! ఆ అమ్మాయి దాన్ని తన ఇంట్లో పట్టుకుంది. తెలుగులో ఆలోచించి, తెలుగులో రాసి, చివరి పేజీలో రాసుకున్నట్టే ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్‌తో ఇంగ్లీషు చేసుకుంది. ఆ నున్నదనం యాప్‌ది. బుర్ర ఆమెది. ఈ నోటుబుక్కు చదవగలిగినవాడు ఆ విచారణ గదిలో ఒక్కడే ఉన్నాడు, వాడు దాన్ని ముట్టుకోలేదు.

కాశింబీ వచ్చి చూసింది. "ఏంటండీ, మొహం అలా పాలిపోయింది?"

చెప్పాను. మొత్తం చెప్పాను. చీటీ చూపించాను.

"ఇంగ్లీషులో లేదని వాళ్ళు చూడలేదు, సరే. మీరు చూశారుగా ఇప్పుడు?"

"చూశాను."

"మరింకా కూర్చున్నారేం?"

ఫైలు

అప్పీలు గడువు ఇంకా రెండు రోజులే ఉంది. సోమవారం ఆఫీసు తెరవకముందే కారొల్ గది ముందు నిలబడ్డాను. నోటుబుక్కు ఇచ్చి, ఇందులో ఉన్నది ఆ వ్యాసమే, నా ఫిర్యాదు తప్పు అన్నాను.

"ఇది మీరు చదవగలరా?" అంది.

"చదవగలను. ఇది తెలుగు. నా మాతృభాష."

ఆమె నా మొహం చూసి, కంప్యూటర్ వైపు తిరిగి ఏదో తెరిచింది. "డాక్టర్ వలి, మీ ఫైలులో మాతృభాష అరబీ అని ఉంది."

 నేనెప్పుడూ అలా రాయలేదు. నా తల ఊపును ఆనాటి హెడ్ కాగితం మీద పెట్టేశాడు. అది ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. నన్ను తీసుకోవడానికి అదీ ఒక కారణమని రాసి ఉంది.

"అది నిజం కాదు" అన్నాను. "అరబీ నేను చదివి నేర్చుకున్నది. ఆ రోజే సరిదిద్దాల్సింది. చేయలేదు."

కారొల్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అయితే ఆ రోజు ఆ అమ్మాయి ఏం చెబుతోందో మీకు అర్థమైందా?" అని అడిగింది.

అర్థమైందని చెప్పాను. ఆమె కంప్యూటర్ వదిలి నా వైపు చూసింది. నా ఉద్యోగ జీవితంలో అంత బరువైన చూపు ఇంకోటి లేదు.

ఫిర్యాదు చేసినవాడే అనువాదం చేయకూడదు కాబట్టి, రిచ్‌మండ్ హిల్‌లో ఉండే ఒక సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్‌ను వీడియోలో పిలిచారు. కాకినాడ ఆవిడ. విచారణ మళ్ళీ తెరిచారు. ముందు నేను నా తప్పు చెప్పుకున్నాను, ఫైలు సంగతితో సహా. నేను తెలుగువాణ్ణి అన్నప్పుడు బిజినెస్ ఆయన నా వైపు వింతగా చూశాడు. శ్రావణి తల ఎత్తలేదు.

తరువాత ట్రాన్స్‌లేటర్ గారు ఒక మాట దగ్గర ఆగారు. "అమ్మా, ఈ గోడపొంటి అంటే ఏంటమ్మా? మా వైపు లేదు."

"గోడపొంటి అంటే గోడ పక్కపొంటి, ఆంటీ. గోడ అంచుకు పొడుగ్గ."

"ఓహో, గోడవారగానా! సరే సరే. మరి ఈ మున్షీ గారు మీ తాతగారికి చుట్టమా?"

"కాదాంటీ, ఆయన సాయిబు. తాతకు పై ఆఫీసర్."

పది నిమిషాలు ఆ గదిలో తెలుగే నడిచింది. శ్రావణి మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో ముందుకు జరిగింది, చేతులు తిప్పింది, ఒకసారి నవ్వింది కూడా. అదే అమ్మాయా ఈ అమ్మాయి అని నేను బిత్తరపోయి చూస్తున్నాను. కారొల్, బిజినెస్ ఆయన ఒక్క ముక్క అర్థం కాక, చేతులు కట్టుకుని, ఇంగ్లీషు వచ్చేదాకా ఆగారు.

తీర్పు రద్దయింది. యాప్ వాడిన సంగతి ముందే చెప్పాల్సిందని ఒక సలహా ఇచ్చి వదిలేశారు. నేను క్షమాపణ రాసి సంతకం చేశాను. నా ఫైలులో మాతృభాష దగ్గర తెలుగు అని దిద్దించాను. మరుసటి ఏడాదే రిటైరయ్యాను. ఎవరూ పొమ్మనలేదు.

కొత్తవాళ్ళకు నా మాట ఒకటే. బిడ్డ మాట తడబడితే బుర్ర తడబడిందనుకోకండి. వాళ్ళ భాష మీకు వస్తే, వస్తుందని మొదటి రోజే చెప్పండి. రాకపోతే, వచ్చినవాళ్ళను పిలిపించండి. ఇంతకంటే గొప్ప బోధనా పద్ధతి నాకు తెలియదు. ఇది కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

కారిడార్

ఆ రోజు రెండో విచారణ అయ్యాక కారిడార్‌లో శ్రావణి ఫోన్లో ఇంటికి మెసేజ్ పెట్టుకుంటూ నిలబడింది. నేను వెళ్ళి, ఆ భవనంలో మొదటిసారి, తెలుగులో మాట్లాడాను.

"నన్ను క్షమించమ్మా. నేను తెలుగువాణ్ణని నీకు తెలిసుంటే ఇంత దూరం వచ్చేది కాదు."

ఆమె ఇబ్బందిగా నేల చూపులు చూసింది.

"తెల్సు సార్."

"ఏం తెలుసు?"

"మీరు తెలుగని. మొదటి వారంలనే తెల్సు. పేపర్లు పంచేటప్పుడు మీరు నోట్లనే మెల్లగ ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకుంటరు గదా. అందరికి తెల్సు సార్. సీనియర్లే చెప్తరు, సార్ ముందర తెలుగుల మాట్లాడొద్దు, సార్‌కు ఇష్టం లేదు అని."

 ఎన్ని బ్యాచ్‌లు! నేను గదిలోకి రాగానే గుసగుసలు ఆగిపోతే, అది నా మీద గౌరవమనుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను కాపాడుతున్నారు.

"మరి మొదటి విచారణలో ఒక్క ముక్క తెలుగులో అనలేకపోయావా తల్లీ? దివాన్ సంగతి తెలుగులో చెప్పి, సార్‌కు అర్థమైంది, అడగండి అంటే సరిపోయేది కదా? నీ పర్మిట్ పోతుందని నీకు తెలుసు కదా!"

"తెల్సు సార్. ఇంటికి టికెట్ గూడ చూసుకున్న." ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది. "కని ఇక్కడ ఎవరన్న ఏదన్న దాచుకుంటున్నరంటే ఊకె దాచుకోరు గదా సార్. మేం గూడ రూలుకు మించి చేసే షిఫ్టులు దాస్తం, రూంల ఎంతమంది ఉంటమో దాస్తం. మీకు గూడ ఏదో కాగితం కష్టం ఉన్నదేమో అనుకున్న. నేను బయటపెడితే మీ ఉద్యోగం పోతదేమో అని భయమేసింది."

అప్పటికి నేను కెనడా పౌరుణ్ణయి ఇరవై ఏళ్ళు దాటింది. ఉద్యోగం పర్మనెంటు. పెన్షన్ ఖాయం. ఇల్లు సొంతం.

నాకు పోయేది ఏమీ లేదని ఆ అమ్మాయితో చెప్పడానికి నోరు రాలేదు.